జాలీలు లేని డబ్బా

సిరిసిల్లలో మధ్యాహ్నపు ఎండకు ఒళ్ళు ఉంటుంది. వేరే ఊళ్ళలో ఎండ పడిన చోటు మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ రేకుల సందులోంచి దిగే ఎండే కనిపిస్తుంది, కప్పు నుంచి నేల దాకా నిలబెట్టిన తెల్లటి స్తంభంలా. దాని లోపల నూలు నూగు తేలుతూ, తిరుగుతూ ఉంటుంది. గోడ అవతల సాంచాలు ఆడినంతసేపూ, అంటే మరమగ్గాలు నడిచినంతసేపూ, ఆ నూగు పుడుతూనే ఉంటుంది. ఈ ఊరు నేసిన బట్టను ఊరూరా కట్టుకుంటారు. బాగుందంటారు, బాగాలేదంటారు. నూగు ఏమైందని ఎవరూ అడగరు. అది ఇక్కడే ఉండిపోతుంది, అన్నం గిన్నెల మీద, కనురెప్పల మీద, ఊపిరి లోపల.

నర్సింగానికి ఆ ఎండను చూస్తూ పడుకోవడమంటే ఇష్టం. ఆ ఇష్టమే అతని బతుకును పాడు చేసిందని బాలమణి అంటుంది. మాటలో కోపం ఉండదు. పెళ్ళై చాలా ఏళ్ళయింది, ఆ మాట ఇప్పుడు ఇంట్లో ఒక సామానులాంటిది.

అతను పుట్టింది చందుర్తిలో, గుంటెడు భూమి లేని ఇంట్లో. తండ్రి కొమురయ్య ఒకరి చేను నుంచి ఇంకొకరి చేనుకు కూలికి తిరిగాడు. నర్సింగం మాత్రం పెళ్ళయ్యాక సిరిసిల్ల వచ్చి సాంచాల మీద పనికి కుదిరాడు. కానీ సాంచె నడిపేవాడి కళ్ళు పోగు మీద ఉండాలి. నర్సింగం కళ్ళు పోగు వదిలిన నూగు వెంట పోయేవి. అది లేచి, దీపం దగ్గర ఆగి, తలుపు వైపు తిరిగి, ఎందుకో మళ్ళీ వెనక్కి వచ్చేది. ఎందుకు వచ్చిందో ఆలోచిస్తూ అతను నిలబడితే ఇటు పోగు తెగి బట్ట తప్పు పడేది. షెడ్డు ఆసామి కొన్నాళ్ళు చూశాడు, తర్వాత చూడటం మానేసి ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. బాలమణి మాత్రం అదే షెడ్డులో కండెలు చుడుతూ ఉండిపోయింది. అందుకే షెడ్డు వెనక రెండు గదులు వాళ్ళకు మిగిలాయి.

నర్సింగం కోరుట్ల పోయి ఖుర్షీద్ దుకాణంలో కూలర్లు చేసే పనిలో చేరాడు. రేకు కోయడం, మడతపెట్టడం, మూడు పక్కలా గాలి దూరే జాలీలు కొట్టడం, వాటి వెనక గడ్డి పరవడం, ముందు ఫ్యాను బిగించడం. ఇరవై ఎండాకాలాలు అదే పని. దుకాణం వెనకే పడుకుని, పని తగ్గినప్పుడు బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు. ఆ పని అతనికి సరిపోయింది. కూలరంటే అతని దృష్టిలో గాలికి కట్టే ఇల్లు. మూడు గుమ్మాల నుంచి గాలి లోపలికి వస్తుంది, తడిసిన గడ్డి మధ్య కాసేపు ఆగుతుంది, నాలుగో గుమ్మం నుంచి చల్లగా నవ్వుకుంటూ బయటికి పోతుంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని తెలుసు.

అతని ఒక్కగానొక్క బిడ్డ సౌమ్యను జగిత్యాల ఇచ్చారు. అల్లుడు మహేశ్‌కు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. సౌమ్యకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు తల్లిగారింటి హక్కు. బాలమణి పొత్తిళ్ళకని పాత నూలు చీరలు ఉతికి, మెత్తబడేదాకా మళ్ళీ మళ్ళీ ఉతికి, ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. అలాంటప్పుడు సౌమ్య తండ్రికి ఫోన్ చేసింది.

"బాపూ, డాక్టరమ్మ దుమ్ములకు పోవద్దన్నది. అత్తమ్మ గూడ గదే అంటున్నది. కాన్పయినంక ఈడ్నే ఉండుమంటున్నది."

"నీ మనసుల ఏమున్నది బిడ్డా?"

సౌమ్య వెనక కుక్కర్ కూత వేసి ఊరుకుంది.

"నాకు అవ్వ దగ్గరికే రావాలనున్నది. గని చిన్నప్పుడు నేను ఎట్ల దగ్గెదాన్నో యాదున్నదా నీకు? నా పిల్ల గట్ల దగ్గితె నేను సూడలేను."

యాదున్నది. గోడకు ఆనుకుని కూర్చుని, రెండు దగ్గుల మధ్య ఊపిరి కోసం వెతుక్కునే పిల్ల. వేములవాడ దాకా ఎత్తుకుపోయి ఆసుపత్రిలో చూపించుకుని వస్తే, ఇంటి తలుపు తీయగానే మళ్ళీ మొదలయ్యేది. పెళ్ళై జగిత్యాల పోయాక సౌమ్యకు దగ్గు లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

ఫోన్ పెట్టేశాక నర్సింగం బాలమణికి చెప్పాడు. ఆమె చీపురు తీసుకుని గది ఊడవడం మొదలుపెట్టింది. చీపురు కదిలిన చోటల్లా నూగు లేచింది. ఊడ్చినంతసేపూ లేచి, ఆమె చీపురు పక్కన పెట్టాక తీరికగా కిందికి దిగింది.

"చీపురుతోటి పోతదానే అది?" అన్నాడు నర్సింగం.

"మరి దేంతోని పోతది? నువ్వు సూస్తె పోతదా?"

అటక మీద ఎర్రటి ప్లాస్టిక్ వాక్యూమ్ క్లీనర్ ఉంది. పోయిన ఏడు మహేశ్ తెచ్చి ఇచ్చాడు. వారం తిరగకముందే వేడెక్కి, కాలిన వాసన వచ్చి, ఆగిపోయింది. నర్సింగం దాన్ని దించి మరలు విప్పాడు. గొట్టం లోపలికి వచ్చే చోట ఒక వంపు ఉంది. ఆ వంపులో నూగు చిక్కుకుని, మెలిపడి, ఆడపిల్ల జడంత గట్టిగా అల్లుకుపోయింది. గాలి దొరక్క మోటరు కాగితే, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ మెత్తబడి పక్కకు ఒరిగింది. వైర్లు నేరుగా కలిపి చూస్తే మోటరు గిర్రున తిరిగింది. మోటరు బతికే ఉంది. చచ్చింది ఒళ్ళు.

అతను ఆ ఒంటిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. దీన్ని గీసినవాడు బండల నేలను, సోఫా కింద పడ్డ బిస్కెట్ పొడిని తలుచుకుని గీశాడు. సాంచాల షెడ్డు వెనక కూడా మనుషులుంటారని, వాళ్ళకూ ఇల్లంటే ఇల్లేనని అతనికి ఎవరు చెబుతారు.

మోటరును తువ్వాలలో చుట్టుకుని కోరుట్ల పోయాడు. ఖుర్షీద్ టీ తాగుతూ చూశాడు.

"ఏంది నర్సన్నా, కోడిపిల్లను తెచ్చినట్టు తెచ్చినవ్?"

"దీనికి ఒళ్ళు కట్టాలె భాయ్. నా బిడ్డ అచ్చేలోపట."

"కూలర్‌కు తోక పెడ్తవన్నట్టు. కట్టు, కట్టు. చిన్న ముక్కలు వాడుకో, కొత్త రేకు ముట్టకు." అంటూనే కొత్త రేకు ఒకటి అతని వైపు కాలితో తోశాడు.

నర్సింగం నాలుగు పలకల డబ్బా కట్టాడు. మడతలు కత్తి అంచులా వచ్చాయి. లోపల మోటరు, దాని ముందు కోరా బట్టతో కుట్టిన సంచి, సంచిలోకి గొట్టం. వంపు లేకుండా గొట్టాన్ని నేరుగా పెట్టాడు, లావుగా ఉన్నదే తెచ్చాడు. కూలర్ షాకులు చూసినవాడు కాబట్టి రేకుకు ఎర్త్ వైరు మర్చిపోలేదు. మోటరు మళ్ళీ కాగకూడదని, గాలి ఆడాలని, మూడు పక్కలా జాలీలు కొట్టాడు. జాలీలు కొడుతున్నప్పుడు ఆలోచించనే లేదు. చేతులు వాటంతట అవే కొట్టుకుపోయాయి. నీలం రంగు వేసి ఆరబెడితే దుకాణానికి వచ్చినవాళ్ళు అదేం కూలరని అడిగారు.

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ బయట పసుపు చేలు పోతూ ఉన్నాయి. అతను కళ్ళు మూసుకుంటే ఇల్లు కనిపించింది. నేల నీళ్ళలా మెరుస్తోంది. నేల మధ్యలో ఒక ఉయ్యాల. ఉయ్యాల చుట్టూ ఏమీ లేని గాలి. ఏమీ లేని గాలి ఎలా ఉంటుందో అతనెప్పుడూ దగ్గరగా చూడలేదు. చందుర్తి దాటుతుంటే కండక్టర్ డబ్బా పక్కకు పెట్టుకోమన్నాడు. నర్సింగం వినలేదు.

ఇంట్లో ప్లగ్గు పెట్టి స్విచ్చేశాడు. మోటరు ఉరిమింది. గొట్టం మూతిని నూగు దగ్గర పెట్టాడు. నూగు కదలలేదు. కానీ డబ్బా వెనక నుంచి వచ్చిన గాలికి మంచం కింద ఏళ్ళ తరబడి నిద్రపోతున్న నూగంతా లేచి గదిలో తిరగడం మొదలుపెట్టింది. బాలమణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడపలోకి వచ్చింది.

"ఏమయ్యా, గుంజుడు పెట్టుమంటె పంచుడు పెట్టినవేంది?"

ఆ పొగమంచులో ఆమె జుట్టు, కనుబొమ్మలు తెల్లబడ్డాయి. ముసలితనంలో ఎలా ఉంటుందో ఒక్క క్షణం కనిపించినట్టయింది. నర్సింగం నవ్వలేకపోయాడు. డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎందుకో అరచేతిని ఒక పక్క జాలీ మీద ఆనించాడు. చేయి రేకుకు అతుక్కుంది. గొట్టం కొస కొద్దిగా బుసకొట్టింది. రెండో చేయి ఇంకో జాలీ మీద పెట్టాడు. బుస పెరిగింది.

"ఇట్రాయె. ఆ పక్క నువ్వు చెయ్యి వెట్టు."

"షాక్ కొడ్తదేమో."

"కొట్టది, వెట్టు."

బాలమణి రెండు చేతులూ పెట్టి డబ్బాను వాటేసుకుంది. ఇద్దరూ అటొకరు ఇటొకరు దాన్ని కావలించుకుని ఉండగా గొట్టం కొస ముందు నూగు చటుక్కున లోపలికి పోయింది. వెనక ఉన్నదీ పోయింది. బాలమణి నోరు తెరిచి చూసింది. అంతలో డబ్ మని చప్పుడు. ముందూ వెనకా ఉన్న నున్నటి రేకు పలకలు, తిండిలేని పొట్టలా, లోపలికి పీక్కుపోయాయి.

స్విచ్ తీశాక పలకలు మళ్ళీ డబ్ మని బయటికి వచ్చాయి. బాలమణి నవ్వింది, నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ బయటికి పోయింది. నర్సింగం అక్కడే కూర్చున్నాడు. ఇరవై ఎండాకాలాలు అతను గాలికి గుమ్మాలు పెట్టాడు. గాలికి గుమ్మం కనిపిస్తే చాలు, దూరపు గొట్టంలోంచి కష్టపడి ఎందుకు వస్తుంది. ఈ డబ్బా కూలర్ కాదు. దీనికి ఒక్కటే నోరుండాలి. మిగతా ఒళ్ళంతా మూసుకుని, కుండలా గుండ్రంగా, ఊపిరి బిగపట్టుకుని ఉండాలి.

గుండ్రటిది ఇంట్లో ఒక్కటే ఉంది. బాలమణి పెళ్ళినాడు తెచ్చుకున్న బియ్యం డబ్బా. అంచున ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. నర్సింగం దాని చుట్టూ తిరిగాడు, వేలితో కొట్టి చప్పుడు విన్నాడు, నోరు తెరిచి అడగలేదు. మర్నాడు బాలమణి షెడ్డు నుంచి వచ్చి బియ్యాన్ని సంచిలో పోసి, డబ్బాను బోర్లించి తట్టి, అతని ముందు పెట్టింది.

"పేరున్న దిక్కు గొట్టానికి పొక్క వెట్టకు," అంది.

ఈసారి కోరుట్లలో ఖుర్షీద్ టీ మానేసి పక్కన కూర్చున్నాడు. గొట్టాన్ని డబ్బాకు ఎక్కడ తగిలించాలో నర్సింగానికి ముందే తెలుసు. చిన్నప్పుడు చందుర్తి బీళ్ళలో సుడిగాలి వెంట పరుగెత్తేవాడు. తోటివాళ్ళు దయ్యమని ఉమ్మేసి పారిపోతుంటే అతను దాని నడుమ ఏముందో చూడాలని పోయేవాడు. సుడిగాలి ఆకులను అంచున తిప్పి తిప్పి, అలసిపోయి, ఒక్కచోట కుప్ప పోసి పోయేది. అందుకని గొట్టాన్ని డబ్బా నడుములోకి గుచ్చకుండా, పక్క నుంచి, గోడ వెంబడి రాసుకుంటూ లోపలికి పోయేలా అతికించాడు. నూగు తిరుగుతూ వచ్చి అడుగున పడుతుంది. మిగిలిన సన్నపు దుమ్మును పైనున్న కోరా బట్ట సంచి పట్టుకుంటుంది. మోటరు మూత మీద. మోటరు కింద హవాయి చెప్పుల అడుగులు కోసి వేశాడు, వణుకు తగ్గడానికి. మూత అంచుకు సైకిల్ ట్యూబు. మూత బిగించడానికి ట్రంకుపెట్టె కొక్కేలు.

"మరి గాలి ఎటు వోతది?" అని అడిగాడు ఖుర్షీద్. "నీకు జాలీ కొట్టందే నిద్ర పట్టదుగదా."

నర్సింగం మోటరు మీద బోర్లించే చిన్న గిన్నెలాంటి రేకు తీసి చూపించాడు. దాని చుట్టూ సన్నటి జాలీలు. "గీడ. బట్ట దాటి అచ్చినంక. అప్పుడు గాలికి ఇంటికి వొయ్యే తొవ్వ."

ఖుర్షీద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు గాలితోటి మాట్లాడ్తవని నాజియా అంటుండె," అన్నాడు. నాజియా అతని భార్య. "ఉత్తదే అనుకున్న."

ఇంటికి తెచ్చి స్విచ్చేస్తే డబ్బా గొంతు బొంగురుగా, లోతుగా వచ్చింది. గొట్టం మూతి పోయిన దారంతా నేల రంగు మారింది. బాలమణి ఆ దారి వెంట వట్టికాళ్ళతో నడిచింది. గోడలు, మంచం కింద, అటక, పటాల వెనక. డబ్బా లోపల నూగు గుండ్రంగా తిరిగే చప్పుడు వానలా వినిపించింది. మూత తీస్తే అడుగున మెత్తటి తెల్లటి గూడు. పిట్ట గుడ్డు పెట్టుకునేటట్టు ఉంది. బాలమణి దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని బరువు చూసింది.

"గింత మన పొట్టలకు వోయిందా ఇన్నొద్దులు," అంది.

మర్నాడు పొద్దున లేచేసరికి నేల మళ్ళీ తెల్లగా ఉంది. పలచగా, పిండి చల్లినట్టు. నర్సింగం మళ్ళీ గుంజాడు. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. సౌమ్యకు జగిత్యాలలో ఆడపిల్ల పుట్టిన కబురు ఆ రోజే వచ్చింది. బాలమణి పోయి చూసి వచ్చింది. ఇరవై ఒకటో రోజు పురుడు అయ్యాక మహేశ్ వాళ్ళను తీసుకుని వస్తానన్నాడని, కానీ చూసిపోదామని మాత్రమే అన్నాడని చెప్పింది. బట్టల సంచులు కారులోనే ఉంటాయట. ఇల్లు నచ్చితే దింపుతారట, లేకపోతే సాయంత్రమే వెనక్కి.

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట. మా ఆయన డబ్బా కట్టిండన్న."

ఆ మధ్యాహ్నం నర్సింగం మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎండ స్తంభం ఎప్పటిలాగే నిలబడి ఉంది. చూడగా చూడగా అతనికి నూగు ఉత్తినే తిరగడం లేదనిపించింది. అది ఒకవైపు నుంచి వస్తోంది. గోడకూ కప్పు రేకుకూ మధ్య, షెడ్డు వైపు, చేయి పట్టేంత సందు. అందులోంచి దిగి, ఎండలో మెరిసి, గది మీదుగా వంటింటి కిటికీ వైపు మెల్లగా పోతోంది. కిటికీ బయట వీధి. ఇల్లు షెడ్డు గాలిని పీలుస్తోంది, వీధిలోకి వదులుతోంది, మధ్యలో నూగును నేల మీద దాచుకుంటోంది.

ఇది కూడా కూలరే. ఇన్నేళ్ళుగా కూలర్‌లో పడుకుని, దాని లోపల చిన్న డబ్బా పెట్టి ఊడుస్తున్నాడు.

కోరుట్ల నుంచి కూలర్ రేకు కోతలు మోపు కట్టి తెచ్చాడు. సందు పొడుగునా రేకు పట్టీలు మరలతో బిగించి, కింద సైకిల్ ట్యూబు పరిచాడు. ఆసామి వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే, సాంచాల చప్పుడుకు మనవరాలికి నిద్ర పట్టదన్నాడు. అది ఆసామికి అర్థమైంది. వీధి వైపు గోడలో ఇటుక తీసి జాలీ పెట్టాడు, తన చేత్తో కొట్టిన జాలీ, గాలి రావడానికి. రేకులు బిగించాక సాంచాల మోత ఒక మెట్టు దిగి, దూరపు రైలులా వినపడింది.

ఇక నూగుకు ఉన్న దారి బాలమణే. షెడ్డు నుంచి వచ్చినప్పుడు ఆమె చీర నిండా, కొప్పు నిండా నూగు ఉండేది. నర్సింగం గడప బయటే డబ్బా పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు. తిరుగు."

"నన్ను గూడ గుంజుతవా?" అంటూనే ఆమె మెల్లగా తిరిగింది. గొట్టం మూతి ఆమె భుజాల మీదుగా, వీపు మీదుగా, జుట్టు మీదుగా పోయింది. ఎదురింటి సత్యవ్వ అరుగు మీద నుంచి చూసి, "ఈ వయసుల గీ సోకులేందే బాలా," అంది. బాలమణి కళ్ళు మూసుకుని నిలబడింది. ఆమె తల మీద నుంచి ఏళ్ళు ఒకటొకటి డబ్బాలోకి పోతున్నట్టు నర్సింగానికి అనిపించింది.

వాళ్ళు వచ్చిన రోజు కారు వీధి చివరే ఆగింది. మహేశ్ వట్టి చేతులతో దిగాడు. సౌమ్య పిల్లను ఎత్తుకుని, గడప దగ్గర ఆగి, ముందు గాలి పీల్చి చూసింది. తర్వాత లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది. మహేశ్ మూలనున్న డబ్బా దగ్గర కూర్చుని కొక్కేలు తీసి వేసి చూశాడు.

"నేను తెచ్చిన మోటరేనా మామా ఇది?"

"గదే. దానిదేం తప్పు లేకుండె."

సౌమ్య కళ్ళు కప్పు వైపు పోయాయి. ఆమె చిన్నప్పుడు ఆ ఎండ స్తంభంలో చేయి పెట్టి నూగును పట్టుకోవాలని చూసేది. ఇప్పుడు స్తంభం లేదు. నేల మీద పావలా అంత వెలుగు పడి ఉంది, అంతే. అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించడం లేదు.

అప్పుడు ఒక్క పోగు కనిపించింది. బాలమణి కొంగుకు అంటుకుని వచ్చిందో, వీధి జాలీలోంచి వచ్చిందో. వెంట్రుకలో సగం ఉంటుంది. వెలుగు మీదుగా వచ్చేటప్పుడు మెరిసింది, వంకర తిరిగింది, తొందరేమీ లేనట్టు కిందికి దిగి, నిద్రపోతున్న పిల్ల పై పెదవి మీద వాలింది. నర్సింగం ఊపిరి బిగపట్టాడు. డబ్బా స్విచ్ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బాలమణి చూపు సౌమ్య ముఖం మీదే ఉంది.

సౌమ్య వంగి, ఉఫ్ మని ఊదింది. పోగు లేచి ఎటో పోయింది. పిల్ల మూతి ముడిచి, ఆవులించి, మళ్ళీ నిద్రలోకి జారింది. సౌమ్య వినసాగింది. పిల్ల ఊపిరిలో ఏదైనా గరగర ఉందేమో, దగ్గు మొదలవుతుందేమో అని, తల పక్కకు వాల్చి చాలాసేపు వింది. గోడ అవతల దూరపు రైలు నడుస్తూనే ఉంది.

"ఒకటో రెండో ఉంటయ్ తియ్," అంది చివరికి, ఎవరివైపూ చూడకుండా. తర్వాత మహేశ్‌తో, "సంచులు తీస్కరా పో," అంది.

మహేశ్ లేచి వీధిలోకి పోయాడు. బాలమణి ట్రంకుపెట్టె తెరిచి మెత్తబడిన చీరలు తీసింది. నర్సింగం ఇంకా అక్కడే నిలబడి, ఆ పోగు ఎటు పోయిందోనని గాలిలో వెతుకుతున్నాడు.